కౌంటర్ టకటక కొట్టినంత మాత్రాన యురేనియం ఉన్నట్టు కాదు

కళింగపట్నం దగ్గర మీ పొలం పక్క నల్ల ఇసుక మీద ఆన్‌లైన్‌లో కొన్న గీగర్ కౌంటర్ (రేడియేషన్ లెక్కపెట్టే మీటరు) పెడితే గట్టిగా కొడుతోంది, యురేనియం ఉన్నట్టేనా అని అడిగారు. ఒకాయన వచ్చి టెస్టింగ్ ఖర్చులు కడితే పెద్ద కంపెనీని తెస్తానంటున్నాడని కూడా రాశారు. ముందు ఆయన సంగతి: ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. రైస్ పుల్లింగ్ చెంబులని చెప్పి మన జిల్లాల్లో ఎంతమందిని ముంచారో మీకూ తెలుసు, ఇదీ ఆ దారే.

మాది గరివిడి వైపు, మాంగనీసు గనుల మధ్య పెరిగాను. తర్వాత జార్ఖండ్‌లో సింగ్‌భూమ్ బెల్టులో, జాదూగూడ, నర్వాపహాడ్ గనులున్న ఆ అడవి ప్రాంతంలో, యురేనియం కోసం బోర్లు వేసే క్యాంపులో కోర్ (బోరులోంచి తీసిన రాతి కడ్డీలు) సర్దే పని, లాగింగ్‌కి, అంటే బోరులో రీడింగ్‌లు తీసి రాయడానికి, సాయం చేసే పని చేశాను. అక్కడ చూసినదాన్ని బట్టే చెప్తున్నాను.

మీ గీగర్ కౌంటర్ లెక్క మాత్రమే పెడుతుంది, వచ్చిన రేడియేషన్ దేనిదో చెప్పలేదు. మన తీరంలో అది చాలావరకు థోరియంది, అదీ యురేనియంలాగే రేడియేషన్ ఇచ్చే లోహం. తూర్పు కనుమల్లో ఖోండలైట్, చార్నొకైట్ రాళ్లు అరిగి, వంశధార, నాగావళి మోసుకొచ్చి, అలలు తేలిక ఇసుకని లాక్కుపోయి బరువైనది ఒడ్డున వదిలేస్తాయి. అదే మీరు చూస్తున్న నల్ల చారలు. అందులో ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్‌తో పాటు థోరియం ఉండే ఖనిజం మోనజైట్ కూడా కొంచెం ఉంటుంది. మన దేశపు మోనజైట్‌లో నూటికి 8, 9 పాళ్లు థోరియం ఆక్సైడ్ ఉంటే యురేనియం అర పాలు కూడా ఉండదు. అందుకే క్యాంపుల్లో స్పెక్ట్రోమీటర్ వాడతారు. అది గామా కిరణాల (ఒక రకం రేడియేషన్) శక్తిని బట్టి ఏది దేనిదో విడదీస్తుంది: 1.46 దగ్గర పొటాషియం, 1.76 దగ్గర యురేనియం వరస, 2.61 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర థోరియం వరస.

స్పెక్ట్రోమీటర్‌లో యురేనియం అని వచ్చినా పని అయిపోదు. ఆ 1.76 నిజానికి యురేనియంది కాదు, అది విచ్ఛిన్నమవుతూ పోగా చాలా మెట్ల తర్వాత వచ్చే బిస్మత్‌ది. మధ్యలో యురేనియం నీళ్లలో కరిగి ఎప్పుడో వెళ్లిపోయి ఆ మెట్లలోదే అయిన రేడియం మాత్రం మిగిలితే మీటరు బాగానే కొడుతుంది, రాయిలో యురేనియం మాత్రం ఉండదు. పైగా అర మీటరు మందం మట్టి అడ్డుంటే కింద నుంచి గామా దాదాపు పైకి రాదు. అంటే పైన నడుస్తూ చూసేది పై పొరనే. పైన రాతి మీద రీడింగ్ అదిరిపోయి, అక్కడే దించిన బోరులో అడుగున ఏమీ తగలకపోవడం నేను చాలాసార్లు చూశాను.

అందుకే రిగ్గు పెడతారు. గొట్టంలోంచి వచ్చిన రాతి కోర్‌ని కడిగి, పెట్టెలో వరసగా పేర్చి, ఎన్ని మీటర్ల దగ్గరిదో రాసి, ఎక్కడైనా ముక్క రాకపోతే అదీ రాయాలి, ఒక్క ముక్క తారుమారైనా ఆ బోరు లెక్కంతా పాడవుతుంది కాబట్టి రాత్రి షిఫ్టులో దానిమీదే గొడవలు జరిగేవి. తర్వాత బోరులోకి ప్రోబ్ దించి గామా కొలుస్తారు. కోర్‌ని నిలువునా చీల్చి సగం ల్యాబ్‌కి పంపుతారు, సగం పెట్టెలోనే దాస్తారు. ల్యాబ్‌లో తేలిన మాటే ఆఖరు మాట. ఇలాంటి బోర్లు ఎన్నో పడితేగానీ నిక్షేపం అని ఎవరూ అనరు. కడప జిల్లా తుమ్మలపల్లె గనిలోని ఖనిజంలో ఉన్న యురేనియం ఆక్సైడే నూటికి సుమారు 0.04 పాళ్లు, అంటే టన్ను రాయికి దగ్గర దగ్గర 400 గ్రాములు.

ఆరోగ్యం గురించి మీ ఇంట్లో టెన్షన్ పడుతున్నారని రాశారు కాబట్టి చెప్తున్నా. ఆ ఇసుక మీద నడిస్తే, చేపల వేటకి పోతే భయం లేదు. కేరళలో కరునాగపల్లి తీరం మోనజైట్‌కి బాగా పేరున్న చోటు, అక్కడి జనాన్ని ఏళ్ల తరబడి గమనించి 2009లో వెలువరించిన అధ్యయనంలో దాని వల్ల క్యాన్సర్ పెరిగినట్టు కనిపించలేదు. కానీ ఆ నల్ల ఇసుకని బస్తాల్లో ఇంటికి తేవద్దు, గచ్చుకి, మెరకకి అసలు వాడొద్దు. మోనజైట్ అణు ఖనిజాల కిందికి వస్తుంది, లైసెన్సు లేకుండా కూడబెట్టి అమ్మబోతే ఇరుక్కునేది మీరే.

నిజంగా తెలుసుకోవాలనుంటే హైదరాబాద్ బేగంపేటలో అణు ఖనిజాల డైరెక్టరేట్ ఉంది, దేశంలో యురేనియం ముఖ్యంగా వెతికేది వాళ్లే. చోటు, ఫోటోలు, రీడింగ్‌లు రాసి పంపండి. ప్రభుత్వ మనుషులమని ఎవరైనా వస్తే గుర్తింపు కార్డు చూపించమనండి, సర్వేకి రైతు దగ్గర డబ్బు తీసుకోవడం ఉండదు. మీ ఊళ్లో ఎవరైనా ఆయనకి ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి ఉంటే ఆయన మెసేజీలు, ఫోన్‌పే వివరాలు చెరపకుండా ఉంచి, అందరూ కలిసి వెళ్లి పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వండి.