మ్యాచ్ ముందు రాత్రి నిద్ర పట్టదు, కృతజ్ఞతల డైరీ రాస్తే పడుతుందా?

మీ అమ్మాయికి పదమూడేళ్లు, విజయవాడలో షటిల్ నేర్చుకుంటోంది, టోర్నమెంట్ ముందు రాత్రి ఒంటిగంట దాకా దొర్లుతోంది, కోచ్ కృతజ్ఞతల డైరీ (ఆ రోజు తనకు జరిగిన మంచిని రాసుకునేది) రాయమన్నారు అన్నారు. రాయించండి. కాకపోతే మ్యాచ్ ముందు రోజు మొదలుపెట్టొద్దు, రెండు మూడు వారాల ముందే అలవాటు చేయండి. ఆ రాత్రి కొత్తగా ఏం చేయించినా అదో పరీక్ష అయి కూర్చుంటుంది.

పడుకోవడానికి గంట ముందు, మంచం మీద కాకుండా, కాగితం మీద మూడు వాక్యాలు చాలు. ఫోన్‌లో వద్దు. వాట్సాప్ గ్రూపులో డ్రా (ఎవరికి ఎవరితో మ్యాచ్ అన్న పట్టిక) కనిపిస్తే ఫస్ట్ రౌండ్ ఎవరితోనో వెతుక్కుంటూ కూర్చుంటారు. "అమ్మకు థాంక్స్, కోచ్‌కు థాంక్స్" అని రోజూ రాస్తే నాలుగో రోజుకే ఇంపోజిషన్ అయిపోతుంది. "రాకెట్ గట్టింగ్ (తీగలు) తెగితే షాపాయన వేరే పని ఆపి 22 పౌండ్ల బిగుతుతో వేసిచ్చాడు" లాంటిది రాయాలి. ఆ రోజే జరిగినదై ఉండాలి.

ఎక్కువగా బెడిసికొట్టేది ఇక్కడే. "నాన్న అప్పు చేసి షూస్ కొన్నాడు, సెలవు పెట్టి తీసుకెళ్తున్నాడు" అని రాస్తే అది కృతజ్ఞత కాదు, బాకీల పద్దు. ఓడితే ఎలా అన్న భయం ఇంకా పెరుగుతుంది. కాబట్టి మ్యాచ్ ముందు రెండు రోజులు ఖర్చులు, త్యాగాలు రాయించకండి, మీరూ ఎత్తకండి. రాసింది అడిగి చదవకండి కూడా.

కృతజ్ఞతాభావం ఎక్కువున్నవాళ్లకు పడుకునేముందు చెడు ఆలోచనలు తక్కువని, నిద్ర మెరుగని బ్రిటన్‌లో 2009 నాటి సర్వే ఒకటి చెప్పింది. అది సర్వేనే, డైరీ రాయించి చూసింది కాదు. అమెరికాలో బేలర్ యూనివర్సిటీ వాళ్లు 57 మందితో చేసి 2018లో ప్రచురించిన ప్రయోగంలో, పడుకునేముందు 5 నిమిషాలు రాబోయే పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్ల కన్నా సుమారు 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. నన్నడిగితే ముందు ఈ రాబోయే పనుల జాబితా రాయించి, తర్వాతే ఆ మూడు కృతజ్ఞత వాక్యాలు. జాబితా అంటే: రెండు రాకెట్లు, గ్రిప్, సాక్స్, ఐడీ కార్డు, రిపోర్టింగ్ టైమ్, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌కు ఇంకో అరగంట. ఎంత వివరంగా రాస్తే అంత మంచిది.

ముందు నాలుగైదు రాత్రులు బాగా పడుకుంటే, ఆ ఒక్క రాత్రి తగ్గినా ఆట అంతగా పోదు. ఈ మాట అమ్మాయికి ముందే చెప్పండి, సగం కంగారు దానితోనే పోతుంది. సాయంత్రం టీ, కాఫీ మానిపించండి. నిద్రొస్తుందని దగ్గు మందు మాత్రం పట్టకండి, పొద్దున వార్మప్‌లో కూడా మత్తు వదలకపోవచ్చు.