మణికట్టు నుంచి మెదడు దాకా: శరీర నిర్మాణం చదువుతున్న అమ్మాయికి ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మణికట్టు ఎముకల పేర్లూ మెదడు భాగాల పేర్లూ రాత్రి వల్లె వేస్తే తెల్లవారేసరికి కలగాపులగం అవుతున్నాయని నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఏళ్ల తరబడి ఈ పాఠమే చెప్పినవాడిగా నాకు అర్థమైనది ఒక్కటే: నువ్వు పేర్లతో మొదలుపెడుతున్నావు, పేర్లు చివర రావాలి. ఏ భాగం దగ్గరకు వెళ్లినా, ఇది దెబ్బతింటే మనిషి ఏ పని చేయలేకపోతాడు అని ముందుగా అడుగు. ఆ జవాబు దొరికిన తరువాత పేరు దానంతట అదే మనసులో నిలుస్తుంది.

పుస్తకం పక్కన పెట్టి నీ ఎడమ మణికట్టును కుడిచేత్తో పట్టుకో. ముంజేతిలో రెండు పొడవాటి ఎముకలు ఉంటాయి: బొటనవేలి వైపు తగిలే ఎముక మొన రేడియస్‌ది, చిటికెనవేలి వైపు పొడుచుకొచ్చిన గుండ్రటి బుడిపె అల్నాది. రేడియస్ మొన అల్నా మొనకంటే సుమారు ఒక సెంటీమీటరు వేళ్ల వైపు ముందుకు ఉంటుంది. అరచేతిని బల్లమీద బోర్లించి, ముంజేయి కదలకుండా చేతిని అటూ ఇటూ వంచి చూస్తే, చిటికెనవేలి వైపు వంగినంతగా బొటనవేలి వైపు వంగదని గమనిస్తావు. ఆ ముందుకు వచ్చిన మొనే అక్కడ అడ్డుపడుతుంది. ఈ తేడాను ఒకసారి చేత్తో తెలుసుకున్నవారికి దాన్ని కంఠస్థం చేయవలసిన పని ఉండదు.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు రెండు వరుసలుగా ఉంటాయి. ముంజేతికి దగ్గరి వరుసలో బొటనవేలి వైపు నుంచి స్కఫాయిడ్, లూనేట్, ట్రైక్వెట్రం ఉంటాయి. ట్రైక్వెట్రం ముందు బఠాణీ గింజంత పైసిఫారం కూర్చుంటుంది. రెండో వరుసలో అదే క్రమంలో ట్రపీజియం, ట్రపిజాయిడ్, క్యాపిటేట్, హేమేట్ వస్తాయి. అసలు మణికట్టు కీలు రేడియస్‌కూ మొదటి వరుసలోని మూడు ఎముకలకూ మధ్య ఏర్పడుతుంది. అల్నా ఈ కీలులో నేరుగా పాల్గొనదు, దానికీ ఈ ఎముకలకూ నడుమ త్రిభుజాకారపు మృదులాస్థి బిళ్ల ఉంటుంది. పరీక్షల్లో ఎక్కువమంది తప్పు చెప్పేది ఇక్కడే. ఇంకొక తప్పు, అరచేతిని తిప్పడం మణికట్టు పని అనుకోవడం. మణికట్టుకు కాస్త పైన ముంజేతిని గట్టిగా బిగించి పట్టుకుని అరచేతిని తిప్పబోతే అది దాదాపుగా తిరగదు, ఎందుకంటే ఆ కదలిక రేడియస్, అల్నాల మధ్య కీళ్లలో జరుగుతుంది. మణికట్టు ముందుకూ వెనక్కూ, అటూ ఇటూ వంగుతుంది, అంతే.

స్కఫాయిడ్ దగ్గర మాత్రం ఆగి చదువు. బొటనవేలిని బాగా వెనక్కి చాచినప్పుడు దాని మొదట్లో టెండన్ల (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల) నడుమ ఒక చిన్న గుంట కనిపిస్తుంది. పూర్వం నశ్యం పొడి పోసుకుని పీల్చిన చోటు కాబట్టి దానికి నశ్యపు డబ్బీ అన్న అర్థం వచ్చే పేరు స్థిరపడింది. ఆ గుంట అడుగున ఉన్నది స్కఫాయిడ్. చేయి చాచి నేలమీద పడినవారికి అక్కడ నొక్కితే నొప్పి ఉంటే, మొదటి ఎక్స్‌రేలో పగులు కనబడకపోయినా ఎముక విరిగిందనే అనుమానించాలి. దీనికి రక్తం ప్రధానంగా వేళ్ల వైపు కొస నుంచి ప్రవేశించి ముంజేతి వైపుకు వెనక్కి ప్రవహిస్తుంది, కనుక నడిమికి విరిగితే ముంజేతి వైపు ముక్కకు రక్తం అందక అది నిర్జీవమయ్యే ప్రమాదం ఉంటుంది. నా విద్యార్థి ఒకడు బెణుకు అనుకుని నెలల తరబడి తిరిగాడు. చివరికి ఆ ఎముక అతుక్కోలేదని తేలింది. ఆ అబ్బాయి పిడికిలి బిగించలేక పడిన బాధ చూసినప్పటి నుంచి ఈ పాఠాన్ని నేను ఎన్నడూ తొందరగా ముగించలేదు.

ఈ ఎముకల ముందువైపు, అంటే అరచేతి వైపు, గట్టి పట్టీ కప్పి ఏర్పడే ఇరుకైన సొరంగంలో వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లూ, వాటితో పాటు మీడియన్ నాడీ (చేతిలోకి వెళ్లే ఒక నరం) వెళతాయి. అక్కడ వాపు వస్తే మెత్తని నాడి నలిగి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. అరచేతి మధ్య చర్మానికి వెళ్లే కొమ్మ మాత్రం సొరంగంలోకి దిగకుండా పైనుంచే పోతుంది కాబట్టి అక్కడి స్పర్శ చెడదు.

ఇప్పుడు ఆ స్పర్శ ఎక్కడికి చేరుతుందో వెంబడించు. మెదడు పాఠం అక్కడ మొదలవుతుంది. మెదడు పక్కభాగంలో పైనుంచి కిందికి దిగే సెంట్రల్ సల్కస్ అనే గాడికి వెనుక ఉన్న మడత స్పర్శను అందుకుంటుంది, ముందున్న మడత కదలికకు ఆజ్ఞ ఇస్తుంది. ఈ రెండు మడతల్లోనూ శరీరం తలకిందులుగా పరచుకుని ఉంటుంది: ముఖం కింద, చేయి దాని పైన, కాలు రెండు అర్ధగోళాల మధ్య లోపలి గోడ మీద. చేతికీ ముఖానికీ దక్కిన చోటు వాటి పరిమాణానికి మించినది, ఎందుకంటే అక్కడ కొలత సున్నితత్వానిదే. ఆజ్ఞను మోసే పోగుల్లో అధికభాగం మెడుల్లా (మెదడు వెన్నుపాముతో కలిసే కింది భాగం) కింది అంచున ఎదుటి వైపుకు దాటుతాయి, అందువల్ల ఎడమ మెదడు కుడిచేతిని నడుపుతుంది.

మిగిలిన భాగాలు త్వరగా పూర్తవుతాయి. వెనుకనున్న ఆక్సిపిటల్ భాగం చూపుకు, చెవి వైపున్న టెంపొరల్ భాగం వినికిడికి, జ్ఞాపకానికి, నుదుటి వెనుకనున్న ఫ్రంటల్ భాగం ముందుకొస ఆలోచనకు, నిగ్రహానికి సంబంధించినవి. కింద వెనుకనున్న చిన్నమెదడు కదలికల పొందికను చూసుకుంటుంది. భాష దగ్గర మాత్రం కొంచెం నిలబడు. 1861లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా, ఇతరుల మాట అర్థమవుతున్నా తాను మాట్లాడలేకపోయిన రోగి మెదడులో ఎడమ ఫ్రంటల్ భాగం చెడి ఉండటం చూపించాడు. 1874లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికె, గలగలా మాట్లాడుతూనే అర్థం కోల్పోయిన రోగులను వర్ణించి, టెంపొరల్ భాగపు వెనుకవైపును గుర్తించాడు. అయితే ఇవి గోడలు కట్టిన గదులు కావు. ఒకదానికొకటి నరాల పోగులతో కలిసి పనిచేస్తాయి.

ఈ రెండు పాఠాలనూ ఒకటిగా చదవమని నేను అడగడానికి కారణం ఇది. ఒకరికి కుడి మణికట్టు వేలాడిపోయింది, పైకెత్తలేకపోతున్నారు అనుకో. భుజానికీ మోచేతికీ మధ్య రేడియల్ నాడి నలిగి ఉంటే మణికట్టును, వేళ్లను పైకెత్తే కండరాలు బలహీనపడతాయి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చేతి వెనుక చర్మం మొద్దుబారుతుంది. మాట మాత్రం చక్కగా ఉంటుంది. అదే మణికట్టుతో పాటు కుడివైపు మూతి కూడా జారి, మాట తడబడితే, లోపం ఎడమ మెదడులో ఉందని అనుమానించి ఆ మనిషిని ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చాలి. ముఖానికీ చేతికీ భాషకూ చెందిన ప్రాంతాలు పక్కపక్కనే ఉండి, ఒకే మిడిల్ సెరిబ్రల్ ధమని నుంచి రక్తం పొందుతాయి కాబట్టి అవి కలిసి దెబ్బతింటాయి.

ఈ వారం చూడకుండా రెండు బొమ్మలు గీయి: ఎనిమిది ఎముకల మణికట్టు ఒకటి, పక్కనుంచి చూసిన ఎడమ మెదడు ఒకటి. ప్రతి భాగం మీదా పేరుకు బదులు, అది పోతే ఏది పోతుందో రాయి. రాయలేని చోట ఖాళీగా వదిలి నాకు పంపించు. ఆ ఖాళీల గురించే తరువాతి ఉత్తరంలో రాస్తాను.

ఇట్లు,
పెదనాన్న