ఓడ కొచ్చిలో ఆగే ఒక్క పూటలో నడిచి ఏం చూడొచ్చు?

క్రూయిజ్ పొద్దున ఎనిమిదింటికి కొచ్చిలో ఆగుతుంది, సాయంత్రం నాలుగున్నరకల్లా ఎక్కేయాలి, ఓడవాళ్ల టూర్ లేకుండా అమ్మానాన్నలతో నడిచి చూడగలమా అని అడిగారు. చూడొచ్చు. కాకపోతే అందరిలా ఫోర్ట్ కొచ్చితో కాకుండా, పాతపేట మట్టాంచేరితో మొదలుపెట్టండి.

ఎందుకంటే అక్కడున్న 1568 నాటి పరదేశి సినగాగ్ (యూదుల ప్రార్థనామందిరం) పదింటికి తెరిచి ఒంటిగంటకి మూసేస్తారు, మళ్లీ మూడింటికే తీస్తారు. ముందు ఫోర్ట్ కొచ్చిలో చైనా చేపల వలలు, చర్చిలు చూసుకుంటూ వచ్చేవాళ్లకి సరిగ్గా ఆ వేళకి తలుపులు మూసి ఉంటాయి. శుక్ర, శనివారాలు దానికి సెలవు. పక్కనున్న మట్టాంచేరి ప్యాలెస్‌కి శుక్రవారం సెలవు. ఓడ శుక్రవారం వస్తే మాత్రం నేరుగా ఫోర్ట్ కొచ్చికే వెళ్లండి.

ఓడ ఆగేది విల్లింగ్డన్ ఐలాండ్‌లో. అక్కణ్ణుంచి మట్టాంచేరి దాకా నడక దండగ, లారీల రోడ్డు తప్ప ఏమీ ఉండదు. ఆటో మాట్లాడుకోండి, కానీ "తక్కువకే అన్నీ చూపిస్తా" అనే ఆటో ఎక్కొద్దు. కమీషన్ కోసం షోరూముల చుట్టూ తిప్పుతారు, గంటన్నర పోతుంది. "ప్యాలెస్ దగ్గర దింపితే చాలు" అని ముందే తేల్చుకోండి. ఓడ కార్డు, ఫోటో ఉన్న గుర్తింపు కార్డు అందరి దగ్గరా ఉండాలి, తిరిగొచ్చేటప్పుడు పోర్టు గేటు దగ్గర అడుగుతారు.

ప్యాలెస్‌లో రాజుగారి పడకగది గోడల మీద రామాయణం బొమ్మలు గీసి ఉన్నాయి, కథ దశరథుడి పుత్రకామేష్టి నుంచి పట్టాభిషేకం వైపు సాగుతుంది. మనకి తెలిసిన కథే కాబట్టి గైడు అక్కర్లేదు, తీరిగ్గా చూడండి. సినగాగ్‌లో చెప్పులు విప్పాలి. నేల మీద చైనా నుంచి తెచ్చిన నీలం, తెలుపు పలకలన్నీ చేత్తో గీసినవే. పక్కపక్క రెండింటిని పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది.

అక్కణ్ణుంచి బజార్ రోడ్డు పట్టుకుని ఉత్తరంగా నడవండి, ఫోర్ట్ కొచ్చికి దాదాపు రెండున్నర కిలోమీటర్లు. టూర్ బస్సులు వదిలేసే ఈ వీధే నా దృష్టిలో అసలు కొచ్చి: బియ్యం, మిరియాలు, అల్లం గోదాములు, వాటి వెనకే బ్యాక్‌వాటర్ నీళ్లు. ఫుట్‌పాత్ లేదు, బస్తాలు దించే లారీల పక్కన జాగ్రత్త. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి. పెద్దవాళ్లు అలిసిపోతే సగం దూరంలో ఆటో ఎక్కించండి.

ఫోర్ట్ కొచ్చిలో సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి చాలు, సాంతా క్రూజ్ బసిలికా అనే ఇంకో పెద్ద చర్చి దారిలో తగిలితే చూడండి. 1524లో చనిపోయిన వాస్కో డ గామాని మొదట పాతిపెట్టింది ఈ సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలోనే, తర్వాత అస్థికలు పోర్చుగల్‌కి తీసుకెళ్లారు. పైన వేలాడే, తాడు లాగి ఊపే పంకాలు ఇప్పటికీ ఉన్నాయి.

చైనా వలల దగ్గర దూలం చూడండి. ఒక కొసన వల, రెండో కొసన తాళ్లకి కట్టిన బండరాళ్లు. ఒక మనిషి దూలం మీద ముందుకి నడిస్తే చాలు, ఆ బరువుకే వల నీళ్లలోకి దిగిపోతుంది. పైకి లాగడానికి మాత్రం నలుగురైదుగురు కావాలి. "రండి, లాగండి" అని పిలిస్తే తర్వాత డబ్బు అడుగుతారు, ఎంతో ముందే కనుక్కోండి.

మూడింటికల్లా తిరుగు ఆటో ఎక్కేయండి. రోడ్డు తోప్పుంపడి మీదుగా చుట్టు తిరిగి వస్తుంది, అక్కడి వంతెన దగ్గర ట్రాఫిక్ ఆగితే అరగంట ఇట్టే పోతుంది.