అలాయ్ వీల్స్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీర్వాదాలు.

కొత్త స్విఫ్ట్ తీసుకున్నావని, దానికి వైజాగ్‌లో పదిహేడు ఇంచుల అలాయ్ వీల్స్ చూసి వచ్చావని మీ అమ్మ చెప్పింది. వచ్చే వారం అడ్వాన్స్ ఇస్తావట. ఫోన్‌లో చెబితే అంకెలు గుర్తుండవని కాగితం మీద పెడుతున్నాను. సెమిలిగుడలో ముప్పై ఏళ్లు టైర్ల షాపు నడిపాను. ఈ ఒక్క విషయంలో నా మాట విను.

పదిహేడు వద్దు. అందం కావాలంటే కంపెనీ నీ బండి పై వేరియంట్‌కి ఇచ్చే పదిహేను ఇంచుల అలాయ్ వేయించుకో. డబ్బు మిగుల్చుకోవాలంటే వచ్చిన స్టీల్ రిమ్ములే ఉంచుకో, వాటికేం తక్కువ లేదు.

ఎందుకంటున్నానో నీ టైరు మీదే రాసి ఉంది చూడు. నీది వీఎక్స్ఐ వేరియంట్ కాబట్టి 165/80 ఆర్14 అని ఉంటుంది. 165 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 14 అంటే రిమ్ము ఇంచులు. ఆ 165లో 80 శాతం అంటే 132 మిల్లీమీటర్లు. రిమ్ము అంచు నుంచి రోడ్డు దాకా ఉండే రబ్బరు ఎత్తు అది. పై వేరియంట్ జెడ్ఎక్స్ఐకి వచ్చే 185/65 ఆర్15లో ఆ ఎత్తు 120. పదిహేడు ఇంచులకి సాధారణంగా 205/45 వేస్తారు, అందులో 92 మాత్రమే. చక్రం మొత్తం ఎత్తు మూడింటికీ 62 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది. అంటే రిమ్ము పెరిగినంత మేరా రబ్బరు తగ్గింది. గోతిలో పడ్డప్పుడు దెబ్బ కాసేది ఆ రబ్బరే కదా, నువ్వు అందులో నాలుగు సెంటీమీటర్లు తీసేయించుకుంటున్నావు.

మన రోడ్లు నీకు కొత్త కాదు. సాలూరు దాటి ఒడిశాలోకి సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి మీదుగా సునాబెడ చేరేసరికి ఎన్ని మలుపులో, వానాకాలంలో ఆ మలుపుల్లో ఎన్ని గోతులో. నీళ్లు నిలిస్తే లోతు తెలియదు. ఎదురుగా లోడు లారీ వస్తుంటే పక్కకి తప్పుకునే చోటూ ఉండదు. ఒకసారి వాన రాత్రి ఒకబ్బాయి కుటుంబంతో షాపుకి వచ్చాడు. పదిహేడు ఇంచుల చక్రం, రెండు కిలోమీటర్లకోసారి గాలి కొట్టుకుంటూ వచ్చాడు. టైరు చూస్తే మేకు లేదు, చీలిక లేదు. చక్రం విప్పి, తిరగేసి, లోపలి అంచు చుట్టూ సబ్బు నీళ్లు రాశాను. ఒకచోట సన్నటి నురగ వరసగా లేచింది. తుడిచి టార్చి వేస్తే వెంట్రుకంత పగులు, వేలెడు పొడవు. బయటి నుంచి చూస్తే చక్రం తళతళలాడుతోంది. వెనక సీట్లో పిల్ల నిద్రపోతోంది. ఆ పగులుతో ఘాట్ దిగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అదే స్టీల్ రిమ్ము అయితే వంగుతుంది. చిన్న వంపు అయితే సుత్తితో సరిచేసి, బ్యాలెన్సింగ్ చూసి పంపేవాళ్లం. అలాయ్ మరీ గట్టి దెబ్బకి పగులుతుంది. పగిలినదాన్ని వెల్డింగ్ పెట్టి, రంగు కొట్టి అమ్మేవాళ్లున్నారు. సెకండ్ హ్యాండ్ సెట్ చవగ్గా వస్తోందని ఎవరైనా అంటే దగ్గరికి కూడా పోకు.

బయటి అలాయ్ అన్నీ చెడ్డవని నేననను. మంచి తయారీవి ఉన్నాయి. వెనక వైపు ఐఎస్ఐ గుర్తుందా, జపాన్ ప్రమాణం జేడబ్ల్యూఎల్ అచ్చు ఉందా, మ్యాక్స్ లోడ్ ఎన్ని కిలోలని ఉందో చూడు. ఏ అచ్చూ లేని చక్రాన్ని ఉచితంగా ఇచ్చినా తీసుకోకు. తర్వాత కొలతలు. నీ బండి పీసీడీ 4×100, అంటే నాలుగు నట్లు, వాటి కేంద్రాల మీదుగా గీసిన వలయం వ్యాసం 100 మిల్లీమీటర్లు. ఫియట్ పుంటోది 4×98. ఆ రెండు మిల్లీమీటర్ల తేడాని నట్లు బిగించి లాగేసే మెకానిక్కులూ ఉన్నారు. అలా వేసిన నట్టు నడుస్తూ నడుస్తూ వదులవుతుంది.

నేను ఎక్కువగా మోసపోయింది మాత్రం మధ్య రంధ్రం దగ్గర. చక్రం మధ్య రంధ్రం కూర్చునే బండి భాగాన్ని హబ్ అంటారు, నీ బండిది 54.1 మిల్లీమీటర్లు. బయటి చక్రాలు చాలా బళ్లకి పనికొచ్చేలా 73.1 రంధ్రంతో చేస్తారు, ఆ ఖాళీలో రింగు పెట్టాలి. నా సొంత బండికి వేసినచోట రింగుల ఊసే ఎత్తలేదు. ఎనభై దాటితే స్టీరింగ్ వణికేది. అలైన్‌మెంట్ చేయించాను, బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించాను, బేరింగులు మార్చాను. చివరికి చక్రం విప్పి హబ్ మీద వేలు పెట్టి చూస్తే చుట్టూ సందు. నాలుగు రింగులు వేశాక వణుకు పోయింది. ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాణ్ణే అంత తిప్పలు పడ్డాను.

ఆఫ్‌సెట్, అంటే చక్రం హబ్‌కి ఆనే చోటు రిమ్ము వెడల్పు మధ్య నుంచి ఎంత దూరమో చెప్పే అంకె, అది కూడా కంపెనీ అంకెకి దగ్గరగా ఉండాలి. చక్రం బయటికి పొడుచుకొస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ బేరింగు మీద భారం పెరుగుతుంది, నిండా మనుషులెక్కితే టైరు మడ్‌గార్డుకి రాసుకుంటుంది.

నట్ల సంగతి. మారుతి నట్టు మర 12×1.25, హ్యుందాయ్‌ది 12×1.5, ఒకదానిది మరొకదానికి పట్టదు. చేత్తో నాలుగు చుట్లు తిరగకపోతే పానతో బలవంతం చేయనివ్వకు. వేసిన తర్వాత వంద కిలోమీటర్లలోపు మళ్లీ ఒకసారి బిగింపు చూపించు. స్టెప్నీ పాత స్టీల్‌దే ఉంటుంది కాబట్టి, దానికి పట్టే నట్లు డిక్కీలో ఉన్నాయో లేదో చూసుకో. అర్ధరాత్రి ఘాట్‌లో జాకీ ఎక్కించాక నట్టు కూర్చోకపోతే ఏడుపొస్తుంది.

బయటివి వేస్తే ఇన్సూరెన్స్ వాళ్లకి రాసి పాలసీలో ఎక్కించుకో. వారంటీ గురించి షోరూములో కాగితం మీద రాయించుకో, నోటిమాట నమ్మకు.

ఆదివారం బండి తీసుకుని ఇంటికి రా. అమ్మనీ తీసుకురా, అత్తయ్య చూడాలంటోంది. ఒక చక్రం విప్పి హబ్ కొలత నీ కళ్లతో నువ్వే చూద్దువుగాని. అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వకు నాన్నా.

మీ మావయ్య