వాన నీటిని ఇంకించే వీధులు: సివిలా, బీఆర్కా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు సింగ్ నగర్‌లో మా వీధి రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. అప్పటి నుంచి నీళ్లు నిలవని వీధులు డిజైన్ చేస్తానంటోంది. సివిల్ తీసుకోమంటే వినదు, బీఆర్కే (ఆర్కిటెక్చర్ డిగ్రీ) చదువుతానంటుంది. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, విజయవాడ

జవాబు: మీ అమ్మాయికి వచ్చిన ఆలోచన చాలా మంచిది. సివిలా, బీఆర్కా అని తేల్చే ముందు ఒక విషయం ఆమెతో మాట్లాడండి. బుడమేరు గట్టుకు గండి పడి వచ్చిన నీటిని ఏ వీధి డిజైనూ ఆపలేదు. అది ఏటికి, గట్లకు, రెగ్యులేటర్లకు సంబంధించిన పని. అదే చేయాలనుకుంటే మీరు చెప్పిన సివిలే సరైనది. బీటెక్ అయ్యాక వరంగల్ ఎన్ఐటీ లాంటి చోట వాటర్ రిసోర్సెస్‌లో ఎంటెక్ చేయొచ్చు.

వీధి మీద పడిన వానను వీధిలోనే ఇంకించడం వేరే పని. అదీ చిన్నదేం కాదు. వెయ్యి చదరపు మీటర్ల సిమెంట్ రోడ్డు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 50 వేల లీటర్ల నీళ్లు. అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్‌లో సౌత్‌వెస్ట్ 12వ అవెన్యూలో 2005లో కట్టిన మొక్కల మడుల ఫొటోలు ఆమెకు చూపించండి. ఫుట్‌పాత్ పక్కన వరుసగా నాలుగు మడులు, రోడ్డు కంటే పల్లంగా ఉంటాయి. రోడ్డంచు రాయిలో వదిలిన సందులోంచి నీరు మొదటి మడిలోకి దిగుతుంది. అది నిండితే పొర్లి మళ్లీ రోడ్డంచుకు వచ్చి రెండో దానిలోకి వెళ్తుంది. నాలుగూ నిండాకే డ్రైనేజీకి. కారు దిగినవాళ్లు ఫుట్‌పాత్ ఎక్కడానికి మడుల మధ్య దారులు కూడా వదిలారు. నీటి లెక్కనూ మనుషుల నడకనూ కలిపి ఆలోచించడం నాకు ఎంతో నచ్చింది.

దీన్ని యథాతథంగా విజయవాడకు తెస్తే పనిచేయదు. మన నల్లమట్టిలో నీరు నెమ్మదిగా ఇంకుతుంది, వానేమో ఒక్కసారిగా దంచేస్తుంది. పైగా ప్లాస్టిక్ కవర్లు ఆ సందుల్ని మూసేస్తాయి. ఇక్కడికి పనికొచ్చేలా మార్చగలిగినవాళ్లే మనకు కావాలి.

ఈ పనే ఆమెకు ఇష్టమైతే బీఆర్క్‌కు అడ్డు చెప్పకండి. ప్రవేశ పరీక్షగా నాటా గానీ జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ గానీ రాయాలి. తర్వాత ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో, అంటే వీధులు, పార్కుల లాంటి ఆరుబయటి స్థలాల డిజైన్‌లో పీజీ. దానికి మీ ఊళ్లోనే ఎస్పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఉంది, ఢిల్లీ ఎస్పీఏ, అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీ కూడా మంచివే. మొక్కల బొమ్మలు అందంగా గీస్తే చాలదు, నేల, వాలు, నీటి లెక్కలు వదలొద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

బీఆర్క్ ఐదేళ్లు, పీజీ రెండేళ్లు. కొత్తగా చేరినవాళ్లకు ఆర్కిటెక్ట్ ఆఫీసుల్లో జీతాలు తక్కువే. ఆ ఏడేళ్ల ఖర్చు గురించి ఇంట్లో అందరూ కూర్చుని ఇప్పుడే మాట్లాడుకోండి. సీటు వచ్చాక టెన్షన్ పడితే పిల్ల నలిగిపోతుంది.