క్రికెట్‌లో స్టంప్స్ మూడే ఎందుకు? రెండుంటే సరిపోదా?

సరిపోదండీ. ఈ సంగతి నాకు ఇరవై రెండు రూపాయల పందెం పోయాక తెలిసింది.

1994 ఎండాకాలం. కృష్ణా డెల్టాలో మా ఊరు. మినుము పీకేశాక మళ్లీ కాలవకి నీళ్లు వదిలేదాకా పొలాలన్నీ పిల్లలవే. వరి దుబ్బులు చెక్కి, బిందెలతో నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి పిచ్ తయారు చేసుకునేవాళ్లం. పక్క ఊరితో బెట్ మ్యాచ్, మనిషికి రెండు రూపాయలు. కార్కు బంతి. స్టంప్స్ అంటే మా ఊళ్లో కడుతున్న ఒక ఇంటి దగ్గర మిగిలిన సర్వి బాదు నుంచి కోసుకొచ్చిన మూడు ముక్కలు.

మొదటి ఇన్నింగ్స్‌లోనే నడిమి కర్రకి బంతి తగిలి మొదట్లో విరిగిపోయింది. ఊళ్లోకి వెళ్లి ఇంకోటి తేవాలంటే అరగంట. ఆ ఎండలో ఎవరు పోతారు? ఉన్న రెండూ ఉన్నచోటే ఉంచి ఆట కానిచ్చేశాం. మధ్యలో సందు ఉందన్న సంగతి ఒక్కడికీ తట్టలేదు.

చివరి ఓవర్ నాది. వాళ్లకి ఏడు పరుగులు కావాలి. బ్యాటింగ్‌లో ఉన్నది వాళ్ల కెప్టెన్, ఆ ఊరి మోతుబరి గారబ్బాయి. రెండు ఊళ్లకీ కలిపి ఉన్న ఒకే ఒక్క అసలు బ్యాటు అతనిది. మిగతావాళ్లందరం కొబ్బరి మట్టలతో ఆడి పెరిగినవాళ్లమే. మూడో బంతి గుడ్‌లెంగ్త్ మీద వేశాను. పడి కొంచెం లోపలికి వచ్చింది. అతను అడ్డంగా ఊపాడు, తగల్లేదు. బంతి నేరుగా వెళ్లి కీపర్ మోకాలి కింద ఎముకకి కొట్టుకుంది. వాడు "అమ్మా" అంటూ కూలబడ్డాడు. నేను రెండు చేతులూ ఎత్తి పరిగెత్తుతున్నాను. ఎవరూ అరవట్లేదేమిటా అని వెనక్కి చూస్తే రెండు కర్రలూ నిటారుగా నిలబడి ఉన్నాయి. బంతి రెంటి మధ్యలోంచి పోయింది. ఎడమ కర్ర పక్కన దుమ్ములో బంతి గీసిన చార కూడా కనిపిస్తోంది.

"కర్రకి తగిలిందా? తగల్లేదుగా. నాటవుట్" అన్నాడు అతను. అంపైర్ వాళ్ల ఊరివాడే, తల ఊపాడు. అరుపులు, కాలర్లు పట్టుకోవడం. గట్టు మీద తుమ్మచెట్టు నీడలో కూర్చుని చుట్ట కాలుస్తున్న ఒక తాత లేచి వచ్చాడు. ఆయన జన్మలో బ్యాటు పట్టలేదు. గొడవేంటో విని, "ఒరేయ్, దడి సందులోంచి కుక్క దూరి కూడు తినేసింది. దడి పడిపోలేదు కాబట్టి కుక్క రాలేదంటారా?" అన్నాడు. మావాళ్లంతా కేకలు పెట్టారు. కెప్టెన్ ఒక్క మాట మాట్లాడలేదు. బ్యాటు చంకలో పెట్టుకుని గట్టు ఎక్కి ఇంటికి వెళ్లిపోయాడు. బ్యాటు లేకపోతే మ్యాచ్ లేదు. పందెం డబ్బులు వాళ్ల దగ్గరే ఉన్నాయి, తిరిగి రాలేదు.

పదిహేనేళ్ల తర్వాత, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు, క్రికెట్ చరిత్ర చదువుతుంటే ఒక పేజీ దగ్గర ఒళ్లు గగుర్పొడిచింది. మా పొలంలో జరిగినదే 1775 మేలో లండన్‌లోని ఆర్టిలరీ గ్రౌండ్‌లో జరిగింది. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు ఆడే మ్యాచ్. హాంబుల్డన్ అనే ఇంగ్లీషు ఊరి జట్టుకి ఆఖరి ఆటగాడు జాన్ స్మాల్, ఇంకా 14 పరుగులు కావాలి. బౌలర్ ఎడ్వర్డ్ స్టీవెన్స్, అందరూ 'లంపీ' అని పిలిచేవారు. ఆ రోజుల్లో రెండే స్టంప్స్. 1744లో మొదటిసారి కాగితం మీద పెట్టిన రూల్స్ ప్రకారం వికెట్, అంటే పాతిన స్టంప్స్ మొత్తం, ఎత్తు 22 అంగుళాలు, వెడల్పు 6 అంగుళాలు. క్రికెట్ బంతి అడ్డం మూడు అంగుళాలు కూడా ఉండదు. అంటే సందులోంచి బంతి సులువుగా దూరిపోతుంది. లంపీ వేసిన బంతి స్మాల్‌ని దాటి ఒకసారి కాదు, మూడుసార్లు ఆ సందులోంచి పోయింది. మూడుసార్లూ నాటవుట్. స్మాల్ ఆ 14 పరుగులూ కొట్టి గెలిపించేశాడు.

తేడా ఏమిటంటే, అక్కడ చూస్తున్న పెద్దలు ఇది బౌలర్‌కి అన్యాయం అని ఒప్పుకున్నారు. మధ్యలో మూడో కర్ర పెట్టాలని తీర్మానించారు. మీ ప్రశ్నకి జవాబు ఇదే: ఒక బౌలర్‌కి మూడుసార్లు జరిగిన అన్యాయం వల్ల మూడో స్టంప్ వచ్చింది. అప్పుడు కూడా కొందరు, మూడు పెడితే ఆటలు తొందరగా అయిపోతాయని భయపడ్డారు. రెండేళ్లు తిరిగేసరికి 1777లో జేమ్స్ ఐల్‌వర్డ్ అనే బ్యాట్స్‌మన్ మూడు స్టంప్స్ ముందు నిలబడి 167 కొట్టాడు. బుధవారం సాయంత్రం దిగినవాడు శుక్రవారం మధ్యాహ్నానికి గానీ అవుట్ కాలేదు. బౌలర్‌కి ఏదైనా కాస్త ఇస్తే ఆట చచ్చిపోతుందనే ఏడుపు 250 ఏళ్లుగా వింటున్నాం. ఒక్కసారీ నిజం కాలేదు.

ఇక్కడితో ఆపేయొచ్చు, కానీ అసలు చెప్పాలనుకున్నది ఇంకా ఉంది. ఈ లంపీ ఎవరు? ఒక ప్రభువు దగ్గర తోటమాలి. క్రికెట్ చరిత్ర ఎటు నుంచి చదివినా నాకు కనబడేది ఇదే. బంతి వేసేవాడు కూలివాడు. బ్యాటూ, మైదానమూ, రూల్స్ పుస్తకమూ ఉన్నవాడు దొర. మా పొలంలోనూ అంతే కదా.

మొదట్లో ఈ దొరలు బౌలర్ గోడు కొంచెం వినేవారు. 1771లో థామస్ వైట్ అనే ఆయన వికెట్లు మొత్తం కప్పేసేంత వెడల్పున్న బ్యాటు పట్టుకుని దిగాడు. ఎదుటి జట్టు ఫాస్ట్ బౌలర్ థామస్ బ్రెట్ ఊరుకోలేదు. బ్యాటు వెడల్పు నాలుగుంపావు అంగుళాలు మించకూడదని కాగితం రాస్తే, అతని కెప్టెనూ, ఈ జాన్ స్మాలే సంతకాలు పెట్టారు. ఈరోజుకీ బ్యాటు వెడల్పు అంతే. ఇంత పాత కొలత ఇంకా నిలబడి ఉందంటే దాన్ని అడిగినవాడు ఒక బౌలర్ అని బడిపిల్లలకి చెప్పాలి. అదే బ్యాటు మందం సంగతి చూడండి. అంచు 40 మిల్లీమీటర్లు దాటకూడదు, మొత్తం మందం 67 దాటకూడదు అని రూల్ వచ్చింది 2017లో. వెడల్పు కట్టడి చేశాక మందం కట్టడి చేయడానికి దాదాపు రెండున్నర శతాబ్దాలు. ఆలోపు అంచుకి తగిలిన బంతి కూడా సిక్స్ వెళ్లే బ్యాట్లు వచ్చేశాయి. బౌండరీ తాడు చూస్తే ప్రతి ఏడాదీ లోపలికే జరుగుతున్నట్టుంటుంది. టీవీలో కామెంటేటర్లు మాత్రం 'ఎంత పవర్' అంటారు. స్టంప్ ఎగిరితే 'అనవసరపు షాట్' అంటారు తప్ప బంతి బాగుందని ఎంతమంది అంటారు? నాకు ఒళ్లు మండేది అక్కడే.

చెయ్యి ఎత్తడం కూడా బౌలర్లు పోట్లాడి తెచ్చుకున్నదే. మొదట్లో అందరూ చెయ్యి కిందినుంచే వేసేవారు. 1822లో లండన్‌లోని లార్డ్స్ మైదానంలో జాన్ విల్స్ చెయ్యి పక్కకి చాపి వేస్తే అంపైర్ నోబాల్, అంటే చెల్లని బంతి అన్నాడు. విల్స్ బంతి పడేసి, గుర్రమెక్కి వెళ్లిపోయాడు. చేతిని భుజం ఎత్తు దాకా ఒప్పుకోవడానికి 1835 దాకా ఆగారు. 1862లో ఎడ్గార్ విల్షర్ భుజం పైనుంచి వేస్తే వరసగా ఆరు నోబాల్స్ ఇచ్చారు. 1864లో గానీ పైనుంచి వేయడానికి ఒప్పుకోలేదు. బుమ్రా యార్కర్ (బ్యాట్స్‌మన్ కాళ్ల దగ్గర పడే బంతి) చూసి మనం ఈలలు వేస్తున్నామంటే వీళ్లు తిన్న నోబాల్స్ వల్లే.

మన దేశం వైపు వస్తే నా గుండె ఇంకా బరువెక్కుతుంది. పల్వంకర్ బాలూ. దళితుడు, ఎడమచేతి స్పిన్నర్. పూనాలో ఇంగ్లీషు వాళ్ల క్లబ్బులో పిచ్ బాగుచేస్తూ, నెట్స్‌లో దొరలకి గంటల తరబడి బంతులు వేసి పెట్టాడు. బ్యాటు మాత్రం ఇచ్చేవారు కాదు. తర్వాత హిందూ జట్టు వాళ్లు (అప్పట్లో జట్లు మతాల వారీగా ఉండేవి) బౌలింగ్ కోసం పిలిచారు, మైదానంలో బంతి ముట్టుకున్నారు, టీ మాత్రం పెవిలియన్ బయట మట్టి ముంతలో ఇచ్చారు. 1911లో ఇంగ్లండ్ వెళ్లిన మన జట్టులో వందకి పైగా వికెట్లు తీశాడు. అయినా హిందూ జట్టుకి ఆయన్ని కెప్టెన్ చేయలేదు. 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కి ఆ పదవి దక్కింది. మనకి సి.కె. నాయుడు 1926లో బొంబాయిలో కొట్టిన 11 సిక్సర్లు గుర్తున్నాయి, ఉండాలి కూడా, మన తెలుగు పేరు. కానీ బాలూ పేరు మన పిల్లల్లో పదిమందిని అడిగితే ఒక్కడైనా చెబుతాడా?

ఇంగ్లండ్‌లో హెరాల్డ్ లార్వుడ్ అయినా అంతే. బొగ్గు గనిలో పనిచేసిన కుర్రాడు. 1932-33లో ఆస్ట్రేలియా మీద కెప్టెన్ చెప్పినట్టే శరీరం మీదికి బంతులు వేసి 33 వికెట్లు తీశాడు. గొడవ పెద్దదయ్యాక క్షమాపణ చెప్పమన్నది కెప్టెన్‌ని కాదు, ఇతన్ని. చెప్పనన్నాడు. మళ్లీ ఇంగ్లండ్ తరఫున ఒక్క టెస్టు ఆడలేదు.

2024 మార్చి 27న మా అక్క కొడుకుని ఉప్పల్ స్టేడియానికి తీసుకెళ్లాను. ఐపీఎల్‌లో ముంబై మీద సన్‌రైజర్స్ 277 కొట్టిన రాత్రి. ఆ ఒక్క మ్యాచ్‌లో రెండు జట్లూ కలిపి 38 సిక్సర్లు, 523 పరుగులు. స్టేడియం అంతా ఊగిపోయింది, మావాడు కుర్చీ మీదెక్కి గెంతాడు. నా చూపు మాత్రం ముంబై తరఫున మొదటి మ్యాచ్ ఆడుతున్న క్వెనా మఫాకా మీదే ఉంది. దక్షిణాఫ్రికా కుర్రాడు, పదిహేడేళ్లు. నాలుగు ఓవర్లలో 66 పరుగులు ఇచ్చాడు, ఒక్క వికెట్ లేదు. పక్క ఊరి వాళ్ల అరుపుల మధ్య పొలంలో నిలబడ్డప్పుడు నాది కూడా దాదాపు అదే వయసు. ఇంటికొచ్చే దారిలో మావాడు "మావయ్యా, నేను బ్యాట్స్‌మన్ అవుతా" అన్నాడు. వాణ్ణి ఏమీ అనలేకపోయాను. ఆ రాత్రి చూసిన ఏ పిల్లాడైనా ఇంకేమంటాడు? వాడు వెళ్లే అకాడమీలో ముప్పై మంది పిల్లలుంటే బౌలింగ్ నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు నలుగురు.

మళ్లీ 2025 ఆగస్టులో నాకు ప్రాణం లేచొచ్చింది. లండన్‌లో ఓవల్ టెస్టు, ఇంగ్లండ్‌కి ఇంకా ఏడు పరుగులు కావాలి. మన హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్ వేసిన యార్కర్‌కి వాళ్ల బ్యాట్స్‌మన్ ఆట్కిన్సన్ ఆఫ్ స్టంప్ పడిపోయింది. ఆరు పరుగులతో గెలిచాం. ఐదు టెస్టుల్లో 185 ఓవర్లు దాటి వేసినవాడు ఆ చివరి బంతి కూడా అదే వేగంతో వేశాడు. మావాడు ఆ రోజు నన్ను యార్కర్ ఎలా వేయాలని అడిగాడు. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, వాచ్‌మన్ కళ్లు గప్పి, రోజూ సాయంత్రం ఇరవై బంతులు వేస్తున్నాడు.

మీ ప్రశ్నలో 'రెండుంటే సరిపోదా' అన్నదానికి లెక్క కూడా చెబుతాను. ఇప్పుడు వికెట్ వెడల్పు 9 అంగుళాలు. ఒక్కో స్టంప్ లావు దాదాపు అంగుళంన్నర. మూడింటికి నాలుగున్నర పోతే మిగిలిన నాలుగున్నరని రెండు సందులు పంచుకుంటాయి, ఒక్కోటి దాదాపు రెండుంపావు అంగుళాలు. బంతి దానికంటే లావు, దూరలేదు.

మాకు ఆ రోజుల్లో ఈ లెక్కలేవీ తెలియవు. ఆ గొడవ తర్వాత ఆదివారం మా బాబాయి ఒక కొత్త సర్వి ముక్క చెక్కి ఇచ్చాడు. దాన్ని మధ్యలో పాతాం. పక్క ఊరి కెప్టెన్ బ్యాటు పట్టుకుని మళ్లీ వచ్చాడు, గార్డ్ తీసుకున్నాడు. నేను రనప్ దాకా వెళ్లినవాణ్ణి వెనక్కి తిరిగి వచ్చి, అతన్ని పక్కకి జరగమని, బంతిని ముందు ఒక సందులో, తర్వాత రెండో సందులో పెట్టి నొక్కి చూశాను. దూరలేదు. తాత గట్టు మీదే ఉన్నాడు, చుట్ట వెలిగించుకుంటూ "ఊఁ, ఇప్పుడెయ్యి" అన్నాడు.