నీలం ఇన్‌హేలర్ ఎంత కొట్టినా ఆయాసం తగ్గకపోతే

పలాసలో జీడిపిక్కల పనికి వెళ్లే మీ అమ్మగారు నీలం రంగు సాల్బుటమాల్ ఇన్‌హేలర్ రోజుకు ఆరేడుసార్లు వాడుతున్నా ఆయాసం తగ్గట్లేదని, చేతులు వణుకుతున్నాయని రాశారు కదండీ. వణుకు, గుండెదడ ఆ మందు ఎక్కువైతే వచ్చేవే. ఆ మందు బిగుసుకున్న శ్వాసనాళాలను కొన్ని గంటలు సడలిస్తుంది గానీ లోపలి వాపును తగ్గించదు. వారానికి రెండుసార్లకు మించి కావాల్సి వస్తోందంటే ఆస్తమా అదుపులో లేనట్టే. రోజూ పీల్చే స్టెరాయిడ్ గురించి వెంటనే డాక్టర్ని అడగండి. ఆ పేరు వినగానే మన వైపు భయపడతారు. కానీ ఇది మైక్రోగ్రాముల్లో, అంటే చాలా కొద్ది మోతాదులో ఉండే మందు, వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి.

పీల్చే తీరు కూడా చూడండి. బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, నొక్కుతూనే నెమ్మదిగా లోతుగా పీల్చి 10 సెకన్లు బిగబట్టాలి. నొక్కడం, పీల్చడం కలవకపోతే స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) కొనండి, నా లెక్కన పెద్దవాళ్లకు అదే నయం. బీపీకీ, గుండెదడకీ ఇచ్చే ప్రొప్రానొలాల్ లాంటి మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, ఆయాసాన్ని పెంచొచ్చు. పొగ, పొట్టు దుమ్ము లేని పని దొరికితే మార్పించండి.

మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చేసేయండి. బండి వచ్చేదాకా ఇన్‌హేలర్ ఆపకండి.